నాలుగో పూలగుత్తి

గురువారం సాయంత్రం సైకిలు మీద ఫుట్‌బాల్ ప్రాక్టీసుకు వెళ్తున్న అల్ముత్‌ను పూలకొట్టు తామ్మెన్ గారు గుమ్మంలోంచి చెయ్యి ఊపి ఆపింది.

"వేళకి దొరికావమ్మా. మీ డెట్మార్ పొద్దుటినుంచీ ఫోనెత్తడు. ఆదివారం మీ క్లబ్బుకి నాలుగు గుత్తులు. నాలుగూ ఒకటే సైజా, ఒకటి పెద్దదా?"

"నాలుగా?" అంది అల్ముత్.

"నాలుగే. ఒకటి పెద్దది కట్టమన్నట్టే గుర్తు. అందరికన్నా ఎక్కువ కాలం ఉన్న మనిషికట. అందులో గులాబీలు వెయ్యమన్నాడో మరేం వెయ్యమన్నాడో రాసుకోలేదు. నా బుర్ర చిల్లుల గంప."

"అడిగి చెప్తాను," అని అల్ముత్ సైకిలెక్కింది. సముద్రం వైపునుంచి వచ్చే ఎదురుగాలికి తల వంచుకుని తొక్కింది. ఆమె అడగలేదు.

అడగడానికి ఏముంది? సీజన్లో సొంత మైదానం మీద చివరి ఆట రోజున, ఆట మొదలయ్యే ముందు, క్లబ్బు విడిచి వెళ్ళేవాళ్ళను నడిమికి పిలిచి పూలూ, చట్రం కట్టించిన ఫోటో ఒకటీ ఇస్తారు. ఈసారి వెళ్ళేవాళ్ళు ముగ్గురని అందరికీ తెలుసు. గోల్‌కీపర్ బ్రెమెన్ వెళ్తోంది. డెన్మార్క్ పిల్ల ఇంటికి పోతోంది. కెప్టెన్ వైద్యం చదువు ముగించి ఆసుపత్రిలో చేరుతోంది. నాలుగోది ఎవరికో లెక్క కట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. పైగా లెక్క పెట్టడం అల్ముత్‌కు వృత్తి. పొద్దుటిపూట విత్తన పరీక్షా కేంద్రంలో తడి కాగితం మీద వరసగా పేర్చిన నూరు గింజల్లో మొలిచినవెన్నో, మొలవనివెన్నో చూసి రాస్తుంది. తొమ్మిదేళ్ళలో ఆమె లెక్క తప్పని ఎవరూ తిప్పి పంపలేదు.

రెండేళ్ళకొకసారి మనుషులు మారిపోయే జట్టులో ఆమె పదకొండేళ్ళుగా ఉంది. ఎడమవైపు డిఫెన్సు ఆమెదే. ఆమె ఒప్పందం జూన్ ముప్ఫైతో ముగుస్తుంది. దాని సంగతి మార్చిలో అడిగితే, క్లబ్బు వ్యవహారాలు చూసే డెట్మార్, "మేలో మాట్లాడుకుందాం," అన్నాడు. మే నెల నాలుగో వారం నడుస్తోంది. మాట్లాడలేదు. ఆ ప్రాంతంలో ఆవును అమ్మదలుచుకోని రైతు కూడా బేరగాడితో మాట్లాడుకుందామనే అంటాడు.

ఇంకొక్క ఏడాది. ఆమెకు కావలసింది అంతే. ముప్ఫై అయిదేళ్ళు. మోకాలు రెండుసార్లు కోయించుకుంది. అయినా ఇంకొక్క ఏడాది ఆడగలదు. ఆ తరవాత తనంతట తను ఆపుతుంది. ఆట లేకపోతే వారంలో అయిదు సాయంత్రాలు ఏం చెయ్యాలో, ఆదివారాలు ఎక్కడ కూర్చోవాలో ఆమెకు తెలియదు. సైకిళ్ళ కొట్టు మీద రెండు గదుల ఇల్లు. అందులో ఆమె ఎక్కువగా నిద్రపోయింది, అంతే.

ఆరేళ్ళప్పుడు పల్లెలో మగపిల్లల జట్టులో మొదలుపెట్టింది. జట్టు మొత్తానికి ఆడపిల్ల తనొక్కతే. పిల్లలంతా ఒక గదిలో అరుచుకుంటూ బట్టలు మార్చుకుంటుంటే, తనను రెఫరీ గదిలో పెట్టి తలుపు వేసేవారు. అవతల నవ్వులు గోడలోంచి వినిపించేవి. ఎందుకు నవ్వుతున్నారో తెలిసేది కాదు. పదిహేడో ఏట దక్షిణాన ఒక పెద్ద క్లబ్బు పిలిచింది. అక్కడ ఏడేళ్ళు, అందులో ఏడాదిన్నర మోకాలికే పోయింది. దేశపు జట్టు శిబిరానికి ఒకే ఒక్కసారి పిలిచారు. అయిదు రోజులు ప్రాక్టీసు చేసింది, ఆట రోజున బెంచీ మీద కూర్చుంది, ఆరో రోజున ట్రాక్‌సూటు మడిచి తిరిగి ఇచ్చేసింది. ఇక్కడికి వచ్చాక జట్టు మూడో లీగుకు పడింది, మళ్ళీ రెండో లీగుకు లేచింది. పడ్డప్పుడూ లేచినప్పుడూ ఉన్నది ఆమె ఒక్కతే.

ఆ సాయంత్రం బట్టలు మార్చుకునే గదిలోకి రాగానే గోల్‌కీపర్ ఎప్పటిలాగే అందుకుంది. "రా అమ్మమ్మా. మోకాళ్ళు రెండూ వెంట తెచ్చుకున్నావా, ఒకటి ఇంట్లో మరిచిపోయావా?"

"నీ చేతుల్లోంచి జారే బంతులు ఏరడానికి ఒక మోకాలు చాలు," అంది అల్ముత్. అందరూ నవ్వారు. ఆమె వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూసింది. వీళ్ళకు తెలుసా? తెలిసీ నవ్వుతున్నారా?

రాత్రంతా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చింది. తీసేసిన మనిషిగా పూలు అందుకోవడం వేరు, మానుకున్న మనిషిగా అందుకోవడం వేరు.

శుక్రవారం ప్రాక్టీసు అయ్యాక కోచ్ హౌకె గది తలుపు తట్టింది. అతను టీలో కలకండ వేసుకుని, అది చిట్లే చప్పుడు వింటున్నాడు.

"ఈ సీజన్‌తో నేను ఆపేస్తున్నాను," అంది, నిలబడే.

హౌకె కప్పు కింద పెట్టాడు. "నువ్వా?"

"నేనే."

"ఆలోచించుకునే చెప్తున్నావా?"

"చలికాలం నుంచీ ఆలోచిస్తున్నాను."

అతను బల్ల సొరుగు కాస్త లాగాడు. మళ్ళీ మూసేశాడు. కిటికీలోంచి మైదానం కేసి చూశాడు. "నిర్ణయించుకున్నాక నేనేం చెప్పను? నీ ఇష్టం. డెట్మార్‌కు నేను చెప్తాలే."

అతని ముఖంలో బరువు దిగిన ఛాయ కోసం వెతికింది అల్ముత్. వెతికింది దొరికిందనే అనుకుంది. ఇంటికి పోయి రొట్టె కోసుకుని, తినకుండానే పడుకుంది.

ఆదివారం మూడు వందల మంది దాకా వచ్చారు. క్లబ్బు అధ్యక్షుడు గరగరమనే మైకు పట్టుకుని మధ్య గీత మీద నిలబడ్డాడు. గోల్‌కీపర్‌ను పిలిచారు. డెన్మార్క్ పిల్లను పిలిచారు. ఆ పిల్ల ముందే ఏడవడం మొదలుపెట్టింది. కెప్టెన్‌ను పిలిచారు. మూడు ఒకేలాంటి గుత్తులు, మూడు ఫోటోలు. తెల్ల గులాబీల పెద్ద గుత్తి ఒకటి బల్ల మీద మిగిలింది. అల్ముత్ సాక్సు పైకి లాక్కుని, వరసలోంచి ఒక అడుగు ముందుకు వేసింది.

"ఇప్పుడు," అన్నాడు అధ్యక్షుడు, "ఈ క్లబ్బులో అందరికన్నా ఎక్కువ కాలం ఉన్న మనిషి. ఇరవై ఆరేళ్ళు. పిలుస్తామని ఆమెకే తెలియదు. గేషె! ఎవరైనా వెళ్ళి ఆ వాషింగ్ మెషీన్ ఆపి ఆమెను లాక్కురండి!"

జట్టు బట్టలు ఉతికే గేషెను ఇద్దరు పిల్లలు చెరో చెయ్యీ పట్టుకుని తీసుకొచ్చారు. చేతులు మోచేతుల దాకా తడి. కాళ్ళకు రబ్బరు చెప్పులు. "సిగ్గులేని వెధవల్లారా, జుట్టయినా దువ్వుకోనివ్వరా!" అని ఆమె తిడుతుంటే మూడు వందల మందీ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

అల్ముత్ వేసిన అడుగు వెనక్కి తీసుకుంది. అది ఎవరూ చూడలేదు. ఇరవై ఆరేళ్ళు. పదకొండేళ్ళుగా ప్రతి ఆటకూ తన కొక్కేనికి తన చొక్కా వేలాడదీసి ఉంచిన మనిషి. వెళ్ళేవాళ్ళను రెండు రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నప్పుడు ఆ మనిషి ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

"ఇంకొకరు కూడా ఉన్నారు," అని అధ్యక్షుడు కార్లు నిలిపే చోటు కేసి చూశాడు. డెట్మార్ అక్కణ్ణుంచి పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. చేతిలో కరకరలాడే ప్లాస్టిక్ కాగితంలో ఎర్ర కార్నేషన్లు. ధర చీటీ ఇంకా వాటి మీదే ఉంది. ఆదివారం ఆ చుట్టుపక్కల తెరిచి ఉండేది హైవే మీది పెట్రోలు బంకు ఒక్కటే.

పేరు పిలిచారు. చప్పట్లు బాగానే పడ్డాయి. డెట్మార్ రొప్పుతూ పూలు ఆమె చేతిలో పెట్టి, చెవి దగ్గర గొణిగాడు. "ఫోటో తరవాత ఇంటికి పంపుతాం. ఫ్రేములవాడు శనివారం మధ్యాహ్నానికే కొట్టు మూసేశాడు. మమ్మల్ని హడలగొట్టావు తల్లీ. రేపు నీ చేత కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టిద్దామనుకున్నాం."

"రేపా?" అంది అల్ముత్.

విజిల్ వేశారు.

ఆట ఒకటి ఒకటితో సమంగా ముగిసింది. ఆమె వైపునుంచి తొంభై నిమిషాల్లో ఎవరూ దాటి పోలేదు. తరవాత అందరూ అదే చెప్పారు. ఆమెకు మాత్రం చెవి దగ్గర విన్న ఆ గొణుగుడు తప్ప ఏమీ గుర్తులేదు.

ఆట అయ్యాక ఉతుకుల గదికి వెళ్ళింది. గేషె తెల్ల గులాబీల్ని సబ్బుపొడి బకెట్లో పెట్టి, మట్టి చొక్కాలు రంగుల వారీగా వేరు చేస్తోంది.

"నువ్వు వెళ్ళిపోతున్నావని నాకొక్కమాట చెప్పలేదేం పిల్లా?"

"నువ్వు చెప్పావా?"

"నేను డెట్మార్‌కొక్కడికే చెప్పాను, గుట్టుగా వెళ్ళిపోదామని. వాడి కడుపులో మాట ఆగితే కదా! సరే, నీకేమైంది?"

అల్ముత్ చొక్కాల బుట్ట అంచు మీద కూర్చుంది. పూలకొట్టు దగ్గరనుంచి జరిగినదంతా చెప్పింది. "నాలుగోది నాకే అనుకున్నాను. నిన్ను లెక్కలో వెయ్యలేదు, గేషె."

గేషె ఒక చొక్కా తిరగేసి, చేతులు బయటికి లాగి, కుప్పలో వేసింది. "ఎవరూ వెయ్యరులే," అంది. "అది అలా ఉండనీ. ఇప్పుడు నువ్విక్కడ కూర్చుని ఏం చేస్తున్నావు? హౌకె ఇంకా గదిలోనే ఉంటాడు. పోయి చెప్పు. దేవుడు నోరిచ్చింది రొట్టె తినడానికేనా?"

అల్ముత్ లేచింది. నడవా చివర హౌకె గది. సగం దూరంలో ఉండగానే ఆ తలుపు తెరుచుకుని ఫిన్యా బయటికి వచ్చింది. రెండో జట్టులో ఎడమవైపు ఆడే పిల్ల, పంతొమ్మిదేళ్ళు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నోరు నవ్వుతోంది. అల్ముత్‌ను చూసి ఆగి, ఒక్క ఊపులో కావలించుకుంది.

"నీ దగ్గరికే వస్తున్నాను. కోచ్ నిన్ననే చెప్పాడు. ఇప్పుడు సంతకం కూడా అయింది. హాంబర్గ్‌లో ఉద్యోగం అన్నాను చూడు, వాళ్ళకు రాలేనని రాత్రే రాసేశాను. అమ్మ నమ్మలేదు, రెండుసార్లు చదివించుకుంది. నీ చోటు, అల్ముత్! నాకు చేతనవుతుందంటావా?"

"సంతకం అయిందా?"

"ఇదిగో, సిరా ఇంకా వేలికుంది. నీకేం బాధగా లేదు కదా?"

"లేదు. చలికాలంలోనే అనుకున్నాను," అంది అల్ముత్. హౌకెకు చెప్పిన అబద్ధమే మళ్ళీ చెప్పింది. రెండోసారి సులువుగా వచ్చింది.

లోపలినుంచి హౌకె పిలిచాడు. "అల్ముత్, నువ్వేనా? లోపలికి రా. తలుపు వెయ్యి."

ఆమె తలుపు వేసింది. అతను సొరుగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె పేరు టైపు చేసి ఉంది. కింద గీత ఖాళీగా ఉంది.

"శుక్రవారమే చూపించి ఉండాల్సింది. నిర్ణయించుకున్న మనిషిని బతిమాలకూడదనుకున్నాను. అదే తప్పు. ఇవాళ ఆ పూలు పట్టుకున్నప్పుడు నీ ముఖం చూశాను. నిజం చెప్పు. ఇంకా ఆడాలని ఉందా?"

తలుపు అవతల ఫిన్యా ఫోనులో ఎవరికో గట్టిగా చెప్తోంది. "అవునవును, మొదటి జట్టే! కాదు, బెంచీ కాదు!" ఎవరో ఏదో అన్నట్టున్నారు, ఆ పిల్ల పడీ పడీ నవ్వింది.

"నేనుంటే ఆ పిల్ల?" అని అడిగింది అల్ముత్.

హౌకె గడ్డం రుద్దుకున్నాడు. "ఏడాది కూర్చోవాలి. నువ్వు ఫిట్‌గా ఉంటే నీకన్నా ముందు ఆమెను దించను, అది నీకూ తెలుసు. కూర్చోవడం కూడా ఆటలో భాగమే."

అల్ముత్ ఆ ఖాళీ గీత కేసి చూసింది. కూర్చోవడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఆరో రోజున ట్రాక్‌సూటు ఎలా మడవాలో కూడా తెలుసు. అలాగని ఆ పిల్ల కోసం త్యాగం చేస్తున్నానని తనకు తాను చెప్పుకోలేదు. ఆ గీత మీద పేరు రాయాలని చెయ్యి లాగుతూనే ఉంది. చేతుల్ని జాకెట్ జేబుల్లో పెట్టుకుంది.

"లేదు," అంది. "నాకు చాలు."

హౌకె చెయ్యి చాచాడు. ఆమె జేబులోంచి ఒక చెయ్యి తీసి అందించింది. అతను రెండు చేతులతో పట్టుకున్నాడు. అది అతని అలవాటు కాదు.

"మంగళవారం ప్రాక్టీసుకు వస్తావు కదా? శనివారం పై ఊళ్ళో ఇంకో ఆట ఉంది."

"వస్తాను."

మంగళవారం వచ్చింది. హౌకె ఒకరి మీద ఒకరు ఆడే కసరత్తు పెట్టాడు. ఎడమవైపు గీత దగ్గర ఫిన్యాను నిలబెట్టి, బంతి తీసుకుని వచ్చేవాళ్ళను ఒక వరసగా పంపాడు. అల్ముత్‌ను కూడా ఆ వరసలోనే పెట్టాడు. పదకొండేళ్ళలో ఆ చోటుకు అటునుంచి ఎదురు రావడం ఆమెకు అదే మొదలు.

మొదటిసారి భుజం ఇటు వంచి అటు దాటిపోయింది. రెండోసారీ దాటిపోయింది. ఫిన్యా గడ్డి మీద కూలబడి, చెమట తుడుచుకుని, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"నా మీద కోపమా?"

"కాదు."

"మరి కాస్త మెల్లగా రావచ్చు కదా."

"ఆట రోజున మెల్లగా వస్తారా నీ మీదికి? లే. నా భుజం చూసి మోసపోతున్నావు. బంతిని చూడు. బంతి అబద్ధం ఆడదు."

అల్ముత్ మూడోసారి వచ్చింది. భుజం వంచింది. ఫిన్యా కదలలేదు. కాలు చాచి బంతి లాక్కుంది, గీత వెంట గాలికి ఎదురు పరుగెత్తింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూడకూడదు కూడా. అవతలి గోలు దగ్గర ఎవరో ఈల వేశారు. "అబ్బో, కొత్త అమ్మమ్మ!" అని గోల్‌కీపర్ అరిచింది.

అల్ముత్ ఒక క్షణం అక్కడే నిలబడింది. తరవాత, తమ వంతు కోసం చూస్తున్న వాళ్ళ వరస దగ్గరికి నడిచి, అందరి వెనక చివర నిలబడింది.