ముత్యం పేరు మీద మూడు ఫ్రిజ్‌లు

ముత్యం పేరు మీద మూడు ఫ్రిజ్‌లు, నాలుగు ఫోన్లు ఉన్నాయి. ఇంట్లో మాత్రం నీళ్లకు కుండే.

సూరత్‌లోని ఖటోదరాలో అతను పనిచేసే మరమగ్గాల షెడ్డులో పదకొండు మందీ సిరిసిల్ల వైపు వాళ్లు. సూరత్ చిరునామాతో ఆధార్ కార్డు ఉన్నది ముత్యం ఒక్కడికే. అందుకని ఎవరు ఏం కొన్నా కిస్తుల కాగితం మీద సంతకం అతనిది. కొన్నవాడు నెలనెలా డబ్బు తెచ్చి అతని చేతిలో పెట్టేవాడు. 2020 మేలో షెడ్డు మూతపడింది, అందరూ ఊళ్లకు పోయారు, కిస్తులు ఆగాయి.

అక్టోబరులో ముత్యం సూరత్ తిరిగొచ్చి, సొంతంగా రెండు పాత సాంచాలు, అంటే మరమగ్గాలు, కొనుక్కుందామని అప్పు కోసం సహకార బ్యాంకుకు వెళ్లాడు. అతని క్రెడిట్ స్కోరు 598. ఏడు వందలు దాటితే రమ్మన్నాడు మేనేజరు. సాంచాలు అమ్మే సేఠ్ వచ్చే ఆగస్టు దాకా ఆగుతానన్నాడు.

కూతురు హారతి ఫోనులో లెక్క చూసింది.

"బాపూ, ఏడు కిస్తుల్ల అయిదు బాకీ ఉన్నయి. ఇగ ప్రతి నెల అయిదో తారీఖు కల్లా టైంసర్ కట్టాలె. కొత్తగ ఎవ్వరికీ సంతకం పెట్టకు. బస్."

"గంతేనా? మొక్కు గిట్ల ఏం లేదా?"

"మేనేజర్ చెప్పలే."

ముత్యం అందరికీ ఫోన్లు చేశాడు. నలుగురు పంపారు. బిక్షపతి ఫోను ఎత్తలేదు. ఆ ఫోను కూడా ముత్యం పేరు మీద కొన్నదే.

మూడో రోజు ముత్యం భార్య కనకవ్వ, ఊళ్లో ఉన్న బిక్షపతి భార్య భూదేవికి ఫోను చేసింది.

"భూదేవీ, ఫ్రిజ్ మంచిగ నడుస్తున్నదా?"

"మంచిగనే ఉన్నది వదినా."

"ఏం లేదు, మాదే గద, యాదికొచ్చింది. ఎల్లుండి సిరిసిల్ల నుంచి ఆటో పంపుతం. అండ్ల ఉన్నయి జర తీసి పెట్టు."

సాయంత్రానికి డబ్బు వచ్చింది. తర్వాతి నెల నుంచి మూడో తారీఖుకే వచ్చేది. రెండో లాక్‌డౌన్‌లో కూడా ఆగలేదు.

2021 జూలైలో స్కోరు 706కు చేరింది.

మేనేజరు ఫైలు తెరిచి, జామీను ఉండే మనిషి కావాలన్నాడు. ఆ మనిషికీ స్కోరు ఉండాలి. మర్నాడు ముత్యం, అప్పటికి తిరిగొచ్చిన బిక్షపతినీ, షెడ్డులోనే పనిచేసే వెంకటయ్యనూ తీసుకెళ్లాడు. మేనేజరు ఇద్దరి పాన్ నంబర్లూ కంప్యూటర్లో కొట్టాడు. స్కోరేమీ రాలేదు. తొమ్మిదేళ్లుగా ఫ్రిజ్‌లు, ఫోన్లు కొన్నవాళ్లు కాగితం మీద చెంచా కూడా కొనలేదు.

"నాకు బాకీ లేదని వచ్చింది గద, మంచిదే గదనే?" అన్నాడు బిక్షపతి.

"బాకీ లేనోడు వాళ్లకు పనికిరాడట. అప్పు చేసి కట్టినోడు కావాలట."

మేనేజరే దారి చెప్పాడు. పది వేలు డిపాజిట్ చేస్తే దాని మీద క్రెడిట్ కార్డు ఇస్తారు. కొంచెం వాడి నెలనెలా పూర్తిగా కడితే ఆరు నెలల్లో స్కోరు వస్తుంది. సేఠ్ బయానా తీసుకుని ఫిబ్రవరి దాకా ఆగుతానన్నాడు. సూరత్ చిరునామా చూపడానికి బిక్షపతి అమ్రోలిలోని తన గదికి అద్దె కాగితం రాయించుకొచ్చాడు. పది వేలు ముత్యం పెట్టాడు.

కార్డు వచ్చిన రోజు బ్యాంకు మెట్ల మీద ముత్యం వివరించాడు.

"పాలు, బియ్యం తెచ్చుకో. రెండు వేలు దాటనియ్యకు. అయిదో తారీఖు కల్లా మొత్తం కట్టు."

"కట్టకపోతే?"

"నా సాంచాలు పోతయ్‌రా."

బిక్షపతి కార్డును రెండు వైపులా తిప్పి చూశాడు.

"అట్లయితే అన్నా, 'రా' అనుడు ఫిబ్రవరి దాంక బంద్ చెయ్యి."

ముత్యం అతన్ని ఎదురుగా ఉన్న కొట్టుకు తీసుకెళ్లి రెండు చాయ్‌లు చెప్పాడు. బిక్షపతి, ముత్యం లెక్కలోనే, ఒక ప్లేటు ఫాఫ్డా కూడా చెప్పాడు.