చెయ్యెత్తిన కుర్రోడు

చద్దన్నంలో మజ్జిగ పోసుకుంటూ చెంచయ్య వసారా మూలకు చూశాడు. అక్కడ అతని బూడిదరంగు టోపీ వెల్లకిలా పెట్టి ఉంది. దాన్నిండా వరిగడ్డి, గడ్డిలో గుడ్లు, గుడ్ల మీద రెక్కలు పరుచుకుని ఎర్రకోడి.

గంప ఉండగా టోపీలో ఎందుకు పొదగేశావని అడిగాడు. గంప అడుగు ఊడి నెల దాటిందనీ, బాగు చేయించుకు రమ్మంటే విన్నవాడు లేడనీ భార్య కామమ్మ పొయ్యి దగ్గర నుంచే బదులు చెప్పింది.

"రేపు నాకది కావాల."

"అయితే కోడిని నీ నెత్తిన పొదగేస్తా. కదలకుండా కూర్చో."

"గుడ్లు ఇంకోదాంట్లోకి మార్చగూడదా మే?"

"మారిస్తే కోడి కూర్చోదు, గుడ్లు మురిగిపోతాయి. దప్పికై చెయ్యెత్తినోడికి టోపీ ఒకటి, ఊరేగింపు ఒకటి. కోడి లేచిందాకా దాన్ని ఎవురూ ముట్టుకోబాకండి."

గది గడపలో తండ్రి తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తున్న వినీల నవ్వింది. చెంచయ్య నవ్వలేదు. రెండో ముద్ద పెట్టించుకోకుండానే లేచాడు. రాత్రి జుట్టుకు వేసుకున్న రంగు నుదుటి అంచున నల్లగా అంటి ఉంది. కామమ్మ కొంగు తడిపి దాన్ని తుడవబోయింది. అతను తల పక్కకు తిప్పుకున్నాడు. నిన్న రొయ్యల గుంట కాడ ఏరేటరు యంత్రం మోసినప్పటి నుంచి ఎడమ భుజం లాగుతోంది. దానికి ఆమె రాసిన మందు వాసన ఇంకా చొక్కాలో ఉంది.

అతనికి పందొమ్మిదేళ్ళప్పుడు ఊరికీ సముద్రానికీ మధ్య ఇసక దిబ్బల్లో 'ధూళిగ్రహం' అనే సినిమా తీశారు. దిబ్బలన్నీ వేరే గ్రహం, ఊళ్ళోవాళ్ళు ఆ గ్రహం మనుషులు. ఒంటికి బూడిదరంగు పూసి, తలకు బరువైన ఫైబరు టోపీలు తగిలించి పొద్దున్నుంచీ ఎండలో నిలబెట్టారు. టోపీ లోపలి అంచున ఎర్రరంగుతో అంకెలు వేశారు. పేర్లతో వాళ్ళకు పని లేదు. చెంచయ్యది నలభై ఏడు.

సాయంత్రం అంతరిక్ష నౌక వెళ్ళిపోయే ఘట్టం. చెంచయ్యకు కళ్ళు తిరిగాయి. టోపీ తీసి, దూరంగా డ్రమ్ము దగ్గర ఉన్న మనిషి వైపు చెయ్యెత్తి, బొటనవేలు నోటి వైపు వంచి నీళ్ళు అడిగాడు. కెమెరా నడుస్తూనే ఉంది. తెర మీద మాత్రం, వెళ్ళిపోతున్న మనుషులకు ఆ గ్రహం కుర్రాడొకడు చెయ్యెత్తి వీడ్కోలు చెప్పాడు. హాళ్ళలో జనం ఏడ్చారు. ఆ తరువాత ఇంకో రెండు భాగాలు వచ్చాయి. తీసినాయన పోవడంతో ఆగిపోయాయి.

ఆ సినిమాలతో పెరిగినవాళ్ళు కొందరు నెల్లూరులో సంఘం పెట్టుకుని, అతన్ని వెతుక్కుంటూ వచ్చారు. అప్పటి నుంచి ఏటా వస్తున్నారు. చెయ్యెత్తమంటారు, పక్కన నిలబడి ఫోటో దిగుతారు. మొదటిసారి సిగ్గుపడి అసలు సంగతి చెప్పలేదు. తరువాత చెప్పాలనిపించలేదు. మిగతా ఏడాదంతా అతను రొయ్యల గుంటల మీద మేత చల్లే మనిషి. ఆ ఒక్క పూట 'అన్నా' అని పిలిచేవాళ్ళు ఉండేవారు.

ఇప్పుడు ఇన్నేళ్ళకు నాలుగో భాగం తీశారు. రేపు విడుదల. ఆ టోపీతో, ఆ చెయ్యితో అతను హాలు మెట్ల మీద నిలబడాలి.

ఆ పూట కూడా ఎప్పటిలాగే తెప్ప మీద గుంటంతా తిరిగి మేత చల్లాడు. ట్రే పైకి లాగి, రొయ్యలు తిన్నదీ మిగిల్చిందీ చూశాడు. నీళ్ళను చిలికే ఏరేటర్ల చక్రాలకు చుట్టుకున్న పాచి తీశాడు. ఎడమ చెయ్యి సహకరించకపోతే కుడి చేత్తోనే లాగాడు. మధ్యలో రెండుసార్లు గట్టు మీద కూర్చున్నాడు. ఎండ వల్లే అనుకున్నాడు.

మధ్యాహ్నం సంఘం వాళ్ళు ఇద్దరు ఒకే బండి మీద గట్టుకు వచ్చారు. ముఖేష్‌కు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. నరేంద్రబాబు బడిలో లెక్కలు చెబుతాడు. చిన్నప్పుడు మొదటి భాగం ఒకే కుర్చీలో కూర్చుని చూసిన స్నేహితులు. దిగుతూనే వాదులాడుకుంటున్నారు.

"అన్నా, వీడి మాట వినబాక," అన్నాడు నరేంద్రబాబు. "రేపు నువ్వు హాలు కాడికి రాబాక. నువ్వు నిలబడితే ఆ చెత్తకి మనం ఒప్పుకున్నట్టే."

"ఇరవయ్యేళ్ళు తియ్యండి తియ్యండని మొత్తుకునింది నువ్వే గదరా," అన్నాడు ముఖేష్.

"తియ్యమన్నా. ఇట్టా తియ్యమన్నానా?"

"పగలంతా తిడతాడన్నా. మొదటాటకి టిక్కెట్టు మాత్రం అందరికంటే ముందు వీడే కొన్నాడు."

నరేంద్రబాబు కాదనలేదు. కొత్తది బాగుండదేమోనని సగం భయమనీ, బాగుంటే పాతదాన్ని అందరూ మరిచిపోతారని మిగతా సగమనీ నీళ్ళ వైపు చూస్తూ చెప్పాడు. తన కొడుకు పాత భాగాలు పది నిమిషాలు కూడా చూడలేదనీ, కొత్తది లేకపోతే వాడికి చూపించడానికి తన దగ్గర ఏమీ మిగలదనీ ముఖేష్ అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో కూడా ధైర్యం లేదు.

చెంచయ్య కొత్తది చూపించమన్నాడు. ముఖేష్ ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టి ట్రైలరు వేశాడు. నీలంగా మెరిసే దిబ్బలు, ఊరంత నౌక. చివర్లో బూడిదరంగు కుర్రాడొకడు టోపీ తీసి చెయ్యెత్తాడు. నున్నటి మొహం. పెదాలు పగల్లేదు. వేళ్ళు అయిదూ నిటారుగా ఆకాశం వైపు ఉన్నాయి.

చెంచయ్య మళ్ళీ వెయ్యమన్నాడు. రెండోసారి కూడా ఆ వేళ్ళే చూశాడు.

"నా మొహం తీసేసినారు," అన్నాడు.

కంప్యూటరులో చేశారని ముఖేష్ నెమ్మదిగా చెప్పాడు. "అదేనన్నా మా బాధ," అన్నాడు నరేంద్రబాబు.

అప్పుడు చెప్పేద్దామని చెంచయ్య నోరు తెరిచాడు. మీరనుకునేది నేనూ చెయ్యలేదు, ఆ కుర్రాడూ చెయ్యలేదు అని. ఇద్దరూ పిల్లల్లా తన మొహంలోకే చూస్తున్నారు. గొంతు సవరించుకుని, కోడి పొదుగు మీద ఉందనీ, టోపీ తీసే వీలు లేదనీ అన్నాడు.

"టోపీ లేకపోయినా నువ్వు రాన్నా," అన్నాడు ముఖేష్.

"చూస్తాలే," అన్నాడు చెంచయ్య. వాళ్ళు ఫోటో అడిగారు. భుజం నొప్పిగా ఉంది, ఇవాళ వద్దన్నాడు. ఎప్పుడూ అలా అనలేదు.

వాళ్ళు వెళ్ళి బండెక్కారు. గట్టు మలుపు దాకా పోయాక అతని ఛాతీ మీద తడి బస్తా వేసినట్టయింది. గొంతు పిడచకట్టుకుపోయింది. నీళ్ళ క్యాను అవతలి కొసన కాపలా గుడిసెలో ఉంది. పిలిచాడు. ఏరేటర్ల హోరులో తన పిలుపు తనకే వినపడలేదు. కుడి చెయ్యెత్తి, బొటనవేలు నోటి వైపు వంచాడు.

వెనక కూర్చున్న నరేంద్రబాబు చూశాడు. ముఖేష్ భుజం తట్టి బండి ఆపించాడు. ముఖేష్ ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. తరువాత ఇద్దరూ నవ్వుతూ చేతులెత్తి, అంతసేపూ పోట్లాడుకోనట్టే, ఒకటిగా ఊపారు. బండి సరుగుడు తోట వెనక్కి వెళ్ళిపోయింది.

చెంచయ్య గట్టు మీద కూర్చున్నాడు. తరువాత పక్కకు ఒరిగాడు. సాయంత్రం మేత వేళకు పక్క గుంట మనిషి వచ్చి చూసేసరికి ఒళ్ళు చల్లబడింది. రంగేసిన జుట్టు మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది.

మూడోనాడు కాకికి పెట్టి వచ్చాక, వసారాలో ఇంటివాళ్ళకు విస్తళ్ళు వేశారు. ముఖేష్, నరేంద్రబాబు వచ్చారు. కామమ్మ వాళ్ళను కూడా కూర్చోమంది. సినిమా ఎలా ఉందని వినీల అడిగింది. కొన్నిచోట్ల బాగుందని ముఖేష్ అన్నాడు. తను ఏడ్చాననీ, ఎందుకు ఏడ్చానో తెలియలేదనీ నరేంద్రబాబు అన్నాడు. ఆదివారం హాల్లో అన్నకు సంతాపసభ పెడుతున్నారట. మాట సందులో నరేంద్రబాబు రెండుసార్లు మూల టోపీ వైపు చూశాడు.

ముఖేష్ ఎడమ చేత్తో ఫోను తీసి కామమ్మకు అందించాడు.

"చూడక్కా. చివరిగా మాకు కూడా వీడ్కోలు చెప్పినాడు. మా వాళ్ళందరికీ పంపినాం. దీన్నే పెద్దది చేసి హాల్లో పెడతాం."

కామమ్మ చూసింది. గట్టు, నీళ్ళు, చిన్నగా మనిషి, ఎత్తిన చెయ్యి. ఆమె ఫోనును కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. బొటనవేలు నోటి వైపు వంగి ఉంది. వినీల తల్లి భుజం మీదుగా వంగి, చూసి, విస్తరి ముందు నుంచి లేచి లోపలికి వెళ్ళిపోయింది. కామమ్మ ఫోను తిరిగి ఇచ్చేసి, చెంబు తీసుకుని ఇద్దరి గ్లాసుల్లోనూ నీళ్ళు నింపింది.

"ఆ ఫోటో ఇంకెవురికీ పంపబాకండి. హాల్లో పెట్టబాకండి," అంది. "టోపీ కూడా ఇయ్యను. కోడి లేచినాక కూడా ఇయ్యను."

నరేంద్రబాబు ఫోను తన చేతిలోకి తీసుకుని మళ్ళీ చూశాడు. కలుపుకున్న ముద్ద అతని చేతిలోనే ఉండిపోయింది.

వసారా మూల ఎర్రకోడి లేచి, ముక్కుతో గుడ్లను ఒక్కొక్కటిగా తిప్పుకుని మళ్ళీ సర్దుకుని కూర్చుంది. టోపీ అంచున ఒక క్షణం బయటపడిన ఎర్ర అంకె దాని ఈకల కిందికి వెళ్ళిపోయింది.