విన్నది మళ్ళీ చెప్పు

ఆండాళమ్మ పోయాక ఆ ఇంట్లో మాటలు మోసే మనిషి లేకుండా పోయింది.

అంతకు ముందు ఏడేళ్ళ పాటు ఆ పని ఆవిడదే. పుదుచ్చేరి ముత్తియాల్‌పేటలో వాళ్ళది పొడుగాటి పెంకుటిల్లు. ముందుగదిలో కొడుకు సుందరమూర్తి, వంటింట్లో కోడలు భ్రమరాంబ, ఇద్దరికీ నడుమ నడవలో ఆండాళమ్మ. "అత్తయ్యా, బియ్యం అయిపోయాయని చెప్పండి" అని కోడలంటే, పదడుగుల దూరంలో ఉన్న కొడుక్కి అది వినబడుతున్నా ఆవిడ మళ్ళీ చెప్పేది: "ఏంరా, బియ్యం అయిపోయినాయంట." అతను "సరి, సాయంత్రం తెస్తానని చెప్పు" అనేవాడు. మొదట్లో ఆవిడ ఇద్దరినీ తిట్టింది, ఏడ్చింది, విల్లియనూరు గుడికి పోయి మొక్కుకుంది. పోనుపోను అలవాటు పడిపోయింది. 1985లో కార్తీకం వానలకు జ్వరం తగిలి, నాలుగు రోజుల్లో కన్నుమూసింది.

కర్మలు అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాక ఇల్లు మూగబోయింది. భ్రమరాంబ వండి మూత పెట్టేది. సుందరమూర్తి బట్టల మిల్లు నుంచి వచ్చి, వడ్డించుకుని తిని, కంచం కడిగి బోర్లించేవాడు. కిరసనాయిలు కావాలంటే ఆమె ఖాళీ డబ్బా గడప దగ్గర పెట్టేది. మర్నాటికి అది నిండి ఉండేది. ఇట్లా మూడు నెలలు గడిచాయి. మాఘమాసంలో ఆమెకు ఒళ్ళు కాలే జ్వరం వచ్చి రెండు రోజులు లేవలేదు. కళ్ళు తెరిచేసరికి తలగడ పక్కన మాత్రలు, గ్లాసుతో నీళ్ళు ఉన్నాయి. మనిషి లేడు. ఎలా ఉందని ఒక్క మాట అడగలేదు. ఇక ఈ మనిషితో బతకలేననిపించింది భ్రమరాంబకి.

లేచి తిరగగలిగిన రోజున బస్సెక్కి లాస్‌పేట వెళ్ళింది. అక్కడ రామభద్రరావు అనే వకీలు ఉన్నాడు. యానాం మనిషి. భ్రమరాంబదీ యానామే. రెవెన్యూ ఆఫీసు గుమాస్తా అయిన ఆమె తండ్రి డెబ్భై మూడులో బదిలీ మీద పుదుచ్చేరి వచ్చి, తరతరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్ళ ఇంట్లో పిల్లనిచ్చి, రిటైరై తిరిగి వెళ్ళిపోయాడు. ఆ తండ్రి స్నేహితుడే ఈ వకీలు.

ఆయన అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కాగితం రాయడం ఎంతసేపమ్మా! కానీ ముందొక చోటికి వెళ్ళిరండి, ఇద్దరూ. మీ పేటలోనే మహిళా సంఘం వాళ్ళు కొత్తగా ఒక కేంద్రం పెట్టేరు. మొగుడూ పెళ్ళాల్ని కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. నాలుగు వారాలు వెళ్ళు. అప్పటికీ ఇదే మాటంటే నేనే రాసిస్తాను."

ఈ సంగతి భర్తకి చెప్పేదెవరు? చీటీ రాద్దామంటే అతనికి అరవం తప్ప తెలుగు చదవడం రాదు. ఆమెకి అరవం రాయడం రాదు. ఆ సాయంత్రం ముందుగది గుమ్మంలో నిలబడి, ఏడేళ్ళలో మొదటిసారి అతని మొహం చూసి చెప్పింది. "లాయరు గారి దగ్గరికి వెళ్ళేను. విడిపోదామని."

వకీలు చెప్పిన సంఘం మాట కూడా చెప్పింది. అంతా విని సుందరమూర్తి, "ఎన్ని గంటలకి రావాల?" అన్నాడు.

సంఘం అంటే ఒక పాత ఇంటి ముందు హాలు. మూడు పేము కుర్చీలు, ఒక బల్ల. అక్కడ కూర్చునేది వేదవల్లి. యాభై దాటిన మనిషి, మద్రాసులో ఈ పనికే చదువుకుని వచ్చింది. ఇంట్లో మాట్లాడేది సుందరమూర్తి లాంటి తెలుగే.

మొదటి గురువారం ఆవిడ ఏమడిగినా ఇద్దరూ ఆవిడకే చెప్పారు. "ఆయన పండక్కి కూడా పలకరు, అడగండి" అని ఈమె. "ఆమెకి నా మొగం చూస్తేనే గిట్టదు, అడగండి" అని అతను. అరగంట విని వేదవల్లి తన కుర్చీని గోడ దగ్గరికి జరుపుకుంది.

"మీ అత్త చేసిన పని నాతో చేయిస్తా ఉండారు. నా వల్ల కాదమ్మా. మీ కుర్చీలు ఎదురెదురుగా తిప్పుకోండి. ఒకరు చెప్పాల. రెండోవాళ్ళు జవాబు చెప్పకూడదు, తప్పు పట్టకూడదు. విన్నది విన్నట్టు మళ్ళీ చెప్పాల. అంతే."

భ్రమరాంబకి అది చిన్నపిల్లల ఆటలా తోచింది. అయినా మొదలుపెట్టింది. "రెండ్రోజులు జొరంతో పడున్నాను. ఎలా ఉందని అడగలేదు."

"రెండు దినాలు జరంతో పడుండావు. ఎట్లుండాదని నేను అడగలేదు" అన్నాడు సుందరమూర్తి. తర్వాత అతని వంతు వచ్చింది. "రెండు దినాలూ తలుపుకాడ నిలబడి ఊపిరి చూసినాను. షిఫ్టుకి లేటుగా పోయినాను. అడిగితే మొగం తిప్పుకుంటావని అడగలేదు."

ఆ మాటలు తిరిగి చెప్పడానికి నోరు తెరిచి భ్రమరాంబ మధ్యలో ఆగిపోయింది. "ఊపిరి చూసేరు" దాకా వచ్చి, మిగతాది మింగేసింది. వేదవల్లి తొందర పెట్టలేదు.

రెండో వారం పాప దగ్గరికి వచ్చారు. రాక తప్పలేదు, వాళ్ళ మౌనమంతా అక్కడే మొదలైంది మరి. పాప పేరు తాయారు. 1978లో పోయింది, మూడున్నరేళ్ళకి.

ఈసారి భ్రమరాంబ ఏడవకుండా చెప్పింది. "అత్తయ్య విల్లియనూరులో వదినగారింట్లో ఉన్నారు. పొద్దున తొమ్మిదింటికి పాపకి జొరం పెరిగింది. పదింటికి పక్కింటి చెల్లప్పన్ని మిల్లుకి పంపేను. మధ్యాహ్నం ఒంటిగంట దాకా చూసేను. మీరు రాలేదు. ఒంటిగంటకి ఫిట్సొచ్చేయి. ఒక్కదాన్నే రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళేను. మర్నాడు పొద్దున్నకి పోయింది. కబురు అందలేదన్నారు మీరు. నేను నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను."

సుందరమూర్తి ఒక్కొక్క ముక్కే తిరిగి చెప్పసాగాడు. పదింటికి మనిషిని పంపినావు. నేను రాలేదు. ఒంటిగంటకి ఫిట్స్ వచ్చినాది. ఒక్కదానివే ఎత్తుకోని పోయినావు. "కబురు అందలేదని నేను..." అని అక్కడ ఆగిపోయాడు.

"అందినాది" అన్నాడు.



"చెల్లప్పన్ మగ్గాల దాకా వచ్చినాడు. మేస్త్రీ కూడా పోవయ్యా అన్నాడు. నేనే పోలేదు. ముందు నెల ఇట్లే కబురొచ్చి రెండు తూర్లు పరిగెత్తి వస్తే పాప ఆడుకుంటా ఉండాది. దానికి తోడు ముందు దినం మీ చెల్లెలి పెండ్లికి యానాం పోతానని నువ్వు, వద్దని నేను కొట్లాడినాం. మళ్ళీ ఆ కొట్లాటకే పిలుస్తా ఉండావనుకొన్నా. ఉండనీలే, షిఫ్టు అయినాక చూస్తాం అనుకొన్నా. చెల్లప్పన్ గేటుకాడ సరిగా చెప్పలేదని వీధిలో అందరూ వాణ్ణి తిడితే, నేను నోరు మూసుకోని చూసినాను."

భ్రమరాంబ లేచి నిలబడింది. "ఇది నేను మళ్ళీ చెప్పను" అని, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వీధిలోకి వెళ్ళిపోయింది.

మూడో గురువారం ఆమె రాలేదు. ఇంట్లోనే ఉండి, అతను ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరడం చూసింది. గంటసేపు ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుని వచ్చాడని తర్వాత తెలిసింది. ఆ వారమంతా ఆమెకి కోపం రావలసినంత రాలేదు. అదే ఆమెను భయపెట్టింది. ఏడేళ్ళు ఈ నిజం కోసమే కాచుకుంది. తీరా అది చేతికొచ్చాక, దాని కింద దాచుకున్నది బయటపడింది. అది తనది. ఏ మనిషికీ, అమ్మకి కూడా చెప్పనిది.

నాలుగో గురువారం అతని కంటే ముందే వెళ్ళి కూర్చుంది.

"ముందు ఆవేళ్టిది చెప్తాను" అంది. కబురు అందింది అన్న దగ్గర్నుంచి చెల్లప్పన్ దాకా, ఒక్క ముక్క వదలకుండా అతనికి తిరిగి చెప్పింది. "ఇప్పుడు నాది. వీధి చివర రిక్షా స్టాండుంది. పదింటికే పాపనెత్తుకుని నేను వెళ్ళొచ్చు. చీర కూడా మార్చుకున్నాను. కానీ వెళ్ళలేదు. మీరే రావాలి, మీరే మొయ్యాలి, పెళ్ళికి పంపనన్నందుకు మీ తల వంగాలి అనుకున్నాను. మూడు గంటలు గుమ్మంలో నిలబడి, పాపకేసి కాదు, వీధికేసి చూసేను."

సుందరమూర్తి తిరిగి చెప్పడానికి ప్రయత్నించాడు. "పదింటికే పోవచ్చు. చీర మార్చుకొన్నావు..." తలొంచుకుని ఏడ్చాడు. పాప పోయినప్పుడు కూడా అతను ఏడవగా ఆమె చూడలేదు.

"పదింటికే పోయుంటే బతికేదా అమ్మా?" అని వేదవల్లిని అడిగింది భ్రమరాంబ.

ఆవిడ తన కుర్చీని వాళ్ళ దగ్గరికి జరుపుకుంది. "తెలీదమ్మా. చెప్పగలిగినవాళ్ళు యాడా లేరు. ఉండారని నేను అబద్ధం చెప్పను. ఇన్నేండ్లు చెరొక గదిలో కూర్చోని మోసినారు. ఇప్పుడు ఒక చోట పెట్టినారు. బరువేమీ తగ్గలేదు. ఇద్దరూ ఒక పక్క నిలబడి చూస్తా ఉండారు, అంతే."

బయటికి వచ్చాక సుందరమూర్తి ఆమెకు కొంచెం ఎడంగా నడిచాడు. మలుపు దగ్గర ఆగి, "ఏడాదికొక తూరి పాపని పెట్టిన చోటికి పోతా ఉండాను. ఎవరికీ చెప్పలేదు" అన్నాడు.

పాపని పాతిపెట్టడానికి తీసుకెళ్ళినప్పుడు ఆడవాళ్ళు రాకూడదని తల్లిని ఇంట్లోనే ఆపేశారు. ఆ చోటు ఎక్కడో కూడా ఆమెకి తెలియదు.

"నన్ను తీసుకెళ్తారా?" అంది.

వకీలుకి కాగితం వద్దని కబురు పంపి, వానలు పడేదాకా వాళ్ళు వేదవల్లి దగ్గరికి వెళుతూనే ఉన్నారు. సుందరమూర్తి చెల్లప్పన్ని వెతుక్కుంటూ వెళ్ళి చేతులు పట్టుకున్నాడు. చెల్లప్పన్ చేతులు విడిపించుకుని లోపలికి పోయాడు. ఇంట్లో ఇంకా వారం వారం మాటలు లేని రోజులు వస్తూనే ఉండేవి. అలాంటప్పుడు ఎవరో ఒకరు కుర్చీ తిప్పుకుని కూర్చునేవారు.

శ్మశానానికి మాత్రం ఆ నాలుగో గురువారం తర్వాతి ఆదివారం పొద్దున్నే వెళ్ళారు. ఊరి చివర, సముద్రం గాలి తగిలే ఇసుక నేల. అతను ముందు నడిచి, ఒక ముళ్ళపొద దగ్గర ఆగి, అటూ ఇటూ చూశాడు.

"మొదట్లో సరిగ్గా తెలిసేది. రాయి ఒకటి పెట్టినాను. తర్వాత ఎంతోమంది బిడ్డల్ని పెట్టినారు. ఇప్పుడు ఇక్కడని చెప్పలేను. ఈ పొదకీ ఆ గోడకీ నడుమ." తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు.

భ్రమరాంబ ఆ నడుమ ఇసుకలోనే కూర్చుంది. అరచెయ్యి నేలకి ఆనించి ఉంచింది. కాసేపటికి అతనూ పక్కన కూర్చున్నాడు.

"ఆ పొద్దున అయిదున్నరకి నేను పోయేటప్పుడు నిద్రపోతా ఉండాది" అన్నాడు. "తర్వాత ఏం చేసినాది? ఎప్పుడూ అడగలేదు నిన్ను."

ఆ మూడు గంటలు తప్ప, ఆ రోజులో మరేదీ ఇన్నేళ్ళుగా ఆమె తలచుకోలేదు. కళ్ళు మూసుకుని వెతుక్కుంది.

"ఏడింటికి లేచింది. అప్పటికి ఒళ్ళు వెచ్చగానే ఉంది కానీ హుషారుగానే ఉంది. సగం ఇడ్లీ తింది. మిగతా సగం మీకు దాచమంది. గిన్నె మీద మూత తనే పెట్టింది."

"సగం ఇడ్లీ తినింది" అన్నాడు సుందరమూర్తి. "మిగతాది నాకు దాచమనింది. మూత తనే పెట్టినాది."

"ఆఁ" అంది భ్రమరాంబ. ఇంకా ఏముందోనని అతను ఆమె వైపు తిరిగాడు. ఆమె చెప్పసాగింది.