మెట్లెక్కి వచ్చిన వాన

పొద్దున్నే ఇస్త్రీ పిన్ని చేసే మొదటి పని బల్ల మీది దుప్పటి సర్దడం. రెండో పని చెంబు నిండా నీళ్ళు పట్టి పక్కన పెట్టుకోవడం. ఇస్త్రీకి వేడి ఎంత ముఖ్యమో తడీ అంతే ముఖ్యం. ఎండి బిర్రబిగిసిన చొక్కా మీద వట్టి వేడి ఎంత రుద్దినా ముడత మొండికేస్తుంది. అదే నాలుగు చుక్కలు చిలకరించి, చుట్టచుట్టి, కాసేపు దాని మానాన దాన్ని వదిలేస్తే, పెట్టె ఆనించగానే బుద్ధిగా దారికొస్తుంది. మనుషులూ అంతేనంటుంది పిన్ని. పోయిన మొగుణ్ణి బతికున్నన్నాళ్ళూ అలాగే దారిలో పెట్టుకున్నానని కూడా అంటుంది.

ఆమెది మూడంతస్తుల ఫ్లాట్లలో నడిమంతస్తు. ఒక గది, ఒక వంటిల్లు, ఒక కుళాయి. వంటింట్లో సగం గిన్నెలకు, సగం గంజి బకెట్లకు. సొంత అక్క పిల్లలు ఒక్కరూ లేకపోయినా, బట్టలు తెచ్చిచ్చే ప్రతివాళ్ళకూ ఆమె పిన్నే.

ఆ భవనంలో మెట్లు మరీ ఇరుకు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు తగ్గాల్సిందే. అందుకని కట్టిన నాటినుంచీ అక్కడో కట్టుబాటుంది: ఎక్కేవాళ్ళకే దారి. ఎక్కడం కష్టం, దిగడం సులువు. కాబట్టి దిగేవాళ్ళు ఎంత తొందరలో ఉన్నా వెనక్కి ఎక్కి, దగ్గర్లో ఉన్న గుమ్మంలోకి తప్పుకోవాలి. పైఅంతస్తు లెక్కల మాస్టారు ఒకసారి బడికి ఆలస్యమై తిట్లు తిన్నాడు గానీ, కూరలబుట్టతో ఎక్కుతున్న ముసలమ్మకు దారివ్వకుండా మాత్రం దిగలేదు.

ఇక వాన పన్ను సంగతి. ఇది కాస్త నిదానంగా చెప్పుకోవాలి. వాన పడితే ఇళ్ళ కప్పుల మీంచి, వాకిళ్ళ మీంచి నీళ్ళు జారి వీధి కాలవలోకి పోతాయి. ఆ కాలవల్లో పూడిక తీయాలి, గొట్టాలు బాగుచేయాలి. దానికి డబ్బు కావాలి, అందరూ ఇవ్వాలి. అందులో తప్పేమీ లేదు. తప్పు లెక్కలో వచ్చింది. నీళ్ళ ఆఫీసువాళ్ళు తలుపులు లెక్కపెట్టి, తలుపుకో పన్ను వేశారు. ఇప్పుడు ఒక పెద్ద గొడుగు కింద డజను మంది నిలబడ్డారనుకోండి. దాని అంచుల నుంచి కారేది ఎన్ని గొడుగుల నీళ్ళు? ఒక్క గొడుగువే కదా. ఆ డజను మంది దగ్గరా తలా ఒక గొడుగు లెక్కన వసూలు చేస్తే ఎలా ఉంటుంది? ఫ్లాట్లవాళ్ళకు అలాగే ఉంది.

పక్కింటి పెద్దాయన ఒక్కడికే ఈ భవనం పట్టేంత స్థలముంది. కాళ్ళకు మట్టి అంటుకుంటుందని వాకిలి, పెరడు, ఆఖరికి చెట్ల మొదళ్ళ చుట్టూ కూడా గచ్చు చేయించాడు. అందుకే ఆయన్ని అందరూ గచ్చు పెద్దాయన అంటారు. వాన పడితే ఆయన గేటు ముందు మోకాటిలోతు నీళ్ళు. ఆయనకూ ఒకటే తలుపు, ఒకటే పన్ను. నెత్తిన కప్పూ లేక, కాళ్ళ కింద నేలా లేక, పైఇంటికీ కిందింటికీ మధ్య, రెండు రొట్టెల నడుమ కూరముక్కలా ఇరుక్కున్న పిన్నికీ అంతే పన్ను.

పిన్ని కొన్నాళ్ళు కట్టింది. తరువాత కట్టలేకపోయింది. కట్టకపోతే కుళాయి బిగించేస్తారు. కుళాయి లేకపోతే చిలకరింపు లేదు, గంజి లేదు, ఇస్త్రీ లేదు. అదే లేకపోతే ఇల్లు మూసుకుని తమ్ముడింటికి పోవాలి. తమ్ముడు మంచివాడే. మరదలూ మంచిదే. కానీ అక్కడ పిన్నికి హాల్లో ఒక మంచం మాత్రం ఉంటుంది. కిందటిసారి వెళ్ళినప్పుడు మరదలు ఎంతో నెమ్మదిగా, "దీపం ఆర్పేద్దామా వదినా?" అంది. పిన్ని బటన్లు కుడుతోంది, ఇంకా నాలుగు మిగిలాయి. అయినా తల ఊపింది. ఆకలంటే ఆమెకు భయం లేదు. ఆ తల ఊపడమంటేనే భయం.

అందుకని ఒకరోజు ఉతికిన చీర కట్టుకుని నీళ్ళ ఆఫీసుకు వెళ్ళింది. అక్కడి ఇన్‌స్పెక్టరు చిన్నవాడు. పిన్ని చూపు ముందు అతని కాలరు మీదికి పోయింది. ఒకవైపు లేచి, ఒకవైపు పడుకుని, నిద్రలో లేపిన పిల్లాడి జుట్టులా ఉందది.

"నా వాన ఎక్కడ పడుతోంది బాబూ?" అని అడిగింది.

"మీ ఇంటి మీదే అమ్మా."

"మా ఇంటి మీద మాస్టారి మంచం కోళ్ళున్నాయి. వాన లేదు."

"రూలు అంతవరకూ చూడదమ్మా. తలుపుకో వాన. మా లెక్క ప్రకారం మీకంటూ ఒక వాన ఉంది."

"ఉంటే ఇన్నాళ్ళూ నాకెందుకు అందలేదు?"

అతనికి నవ్వొచ్చింది గానీ, ఆమె మొహం చూసి ఆపుకున్నాడు. "ఒకే ఒక్క దారుందమ్మా. మీ నీరు కాలవలోకి చుక్క కూడా పోవడం లేదని నా కళ్ళతో నేను చూస్తే పన్ను తీసేయొచ్చు. కానీ వాననీరు కాలవలోకి పోకుండా ఎక్కడికి పోతుంది చెప్పండి?"

పిన్ని ఇంటికొచ్చి, ఎక్కే ఓపిక లేక మొదటి మెట్టు మీద కూర్చుంది.

"ఏమన్నారు పిన్నీ?" అన్నాడు వాచ్‌మన్.

"నా పేర ఒక వాన ఉందట. ఇన్నేళ్ళూ దిక్కులేకుండా ఎక్కడ తిరుగుతోందో పాపం."

"అడ్రసు తెలీదేమో."

"అయితే కనబడితే చెప్పు. నడిమంతస్తు, ఎడమచేతి తలుపు."

మర్నాడు మధ్యాహ్నం మబ్బు పట్టి వాన మొదలైంది. కాసేపటికి కింద నుంచి వాచ్‌మన్ కేక. "పిన్నీ! మీ వాన వచ్చింది! కాళ్ళు తుడుచుకుని పొమ్మన్నాను!"

పిన్ని తలుపు తీసింది. గుమ్మంలో వాన నిలబడి ఉంది. తుండుగుడ్డంత వెడల్పు, మనిషంత ఎత్తు. కొత్తగా బళ్ళో చేరిన పిల్లలా, లోపలికి రమ్మంటారో లేదో అన్నట్టు సన్నగా కురుస్తోంది.

"ఇంతేనా నువ్వు?" అంది పిన్ని. "నీకోసమేనా నేనంత కట్టింది?"

వాన ఇంకొంచెం సన్నబడింది.

"సరేలే, నీ తప్పేముంది? రా. ఆ మూల తొట్టి ఉంది, దాని మీద నిలబడు. బల్ల మీద బట్టలున్నాయి, చిందావంటే ఊరుకోను."

వాన బుద్ధిగా వెళ్ళి తొట్టి మీద నిలబడింది. అప్పుడే ప్యాంటు కోసం దిగొచ్చిన లెక్కల మాస్టారు, "వానొచ్చిందా? నా ప్యాంటు తడవలేదుగా?" అని, మడత చూసుకుని వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచీ బయట వాన పడినప్పుడల్లా పిన్ని వాన మెట్లెక్కి వచ్చేది. ఆ నీళ్ళు చిలకరిస్తే ముడతలు ఇట్టే పోయేవి. పైగా బట్టలకొక చల్లని వాసన పట్టేది.

"ఏమిటమ్మా, నా చొక్కా తడిసిన మట్టి వాసనేస్తోంది?" అన్నాడు ఓనాడు గచ్చు పెద్దాయన.

"మీ ఇంట్లో ఆ వాసన లేదని పంపిందేమో అన్నయ్యగారూ."

"నా వాన నా ఇంట్లోకి రాదేం మరి?"

"మీది గుమ్మంలో పట్టొద్దూ? అంతటి మనిషి, వీధిలో కాళ్ళు బారజాపుకుని కూర్చుంది పాపం."

పెద్దాయన చొక్కా ముక్కుకు ఆనించుకునే వెళ్ళాడు.

అయితే వాన రోజూ రాదు. ఎండ రోజుల్లో కుళాయే దిక్కు. కుళాయి బిగించే రోజు రానే వచ్చింది. పొద్దున్నే తమ్ముడు బండి తీసుకొచ్చాడు. తొట్టి, బకెట్లు, గిన్నెలు బండెక్కాయి. ఇస్త్రీపెట్టెను మాత్రం పిన్ని తన చేతిసంచిలోంచి బయటికి రానివ్వలేదు. బల్ల ఆఖర్న తీసుకెళ్దామన్నారు. తమ్ముడు ట్రంకుపెట్టె నెత్తికెత్తుకుని మెట్లు దిగసాగాడు.

సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. పానా పట్టుకుని వస్తున్న ఇన్‌స్పెక్టరు గచ్చు పెద్దాయన గేటు దగ్గర మోకాళ్ళదాకా తడిసి, పరిగెత్తుకుంటూ లోపలికొచ్చాడు. అతనికంటే ఒక్క అడుగు ముందు పిన్ని వాన మెట్లెక్కింది.

"ఎవరది? పెట్టె దిగుతోంది, తప్పుకోండి!" అన్నాడు తమ్ముడు పైనుంచి.

"వానండీ! ఎక్కుతోంది!" అన్నాడు వాచ్‌మన్. "మీరే తగ్గాలి!"

"మెడ విరిగేట్టుందయ్యా బాబూ!"

"కట్టుబాటు కట్టుబాటేనండీ. మాస్టారంతటివారే తగ్గుతారు."

తమ్ముడు గొణుక్కుంటూ ఒక్కో మెట్టూ వెనక్కెక్కి, పెట్టెను తెచ్చి మళ్ళీ పిన్ని గదిలోనే దించాడు. వాన లోపలికొచ్చి అలవాటైన మూలకు వెళ్ళింది. కింద తొట్టి లేదు. నేల తడిపితే పిన్ని ఊరుకోదని తెలుసు కాబట్టి, చుక్కలన్నీ గాల్లోనే బిగబట్టుకుని ఆగిపోయింది. వెనకే వచ్చిన ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"అయ్యో పిచ్చిదానా! తమ్ముడూ, తొట్టి పట్రారా. ఎంతసేపని బిగబట్టుకుంటుంది?"

తొట్టి వచ్చింది. వాన హమ్మయ్య అనుకుని కురిసింది. పిన్ని ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది.

"కుళాయి ఎక్కడికీ పారిపోదులే బాబూ. ముందు ఆ చొక్కా ఇలా ఇవ్వు. ఆ కాలరు చూసిన రోజునుంచీ నాకు నిద్ర పట్టడం లేదు."

కాదనేలోపే ఇస్త్రీపెట్టె వేడెక్కింది. అతను బనీనుతో నిలబడి చూస్తూ ఉండిపోయాడు. పిన్ని తొట్టిలో వేళ్ళు ముంచింది, కాలరు మీద చిలకరించింది, పెట్టె ఆనించింది. చుస్సుమని ఆవిరి లేచింది. ఆవిరి కిటికీలోంచి బయటికి పోయింది, ఎదుటి మబ్బులో కలిసింది.

"మబ్బులోంచి మెట్లకు," అన్నాడతను తనలో తనే. "మెట్ల నుంచి తొట్టికి, తొట్టి నుంచి చొక్కాకు..."

"చొక్కా నుంచి మళ్ళీ మబ్బుకు," అంది పిన్ని. "ఇందులో కాలవెక్కడ తగిలింది బాబూ?"

అతను చాలాసేపు వెతికాడు. తగల్లేదు. పానా జేబులో పెట్టుకుని, పిన్ని పన్ను కొట్టేస్తూ రాశాడు. వెచ్చని చొక్కా తొడుక్కుని, కాలరు తడుముకుని, మొహమాటంగా అన్నాడు. "మీ ఒక్కరికే చేయగలనమ్మా. మిగతా తలుపుల వాన నేను చూడలేదు."

పిన్ని మెట్ల దగ్గరికి వెళ్ళి కిందికి తొంగిచూసింది.

"ఏమర్రా, మిగతావాళ్ళేరీ? తలుపుకొకరు చొప్పున రండి. తోసుకోకండి."

మెట్ల మీద చిటపటలు వినిపించాయి. ఇన్‌స్పెక్టరు దిగబోయాడు. ఎదురుగా ఒక వాన. వెనక్కి తగ్గి దానికి దారిచ్చాడు. అది మాస్టారి తలుపు వైపు పోయింది. మళ్ళీ దిగబోయాడు. ఇంకోటి ఎదురొచ్చింది.

"ఎక్కేవాళ్ళకే దారి సార్!" కింద నుంచి వాచ్‌మన్ అరిచాడు. "చాలా ఉన్నాయి, వరసలో నిలబడ్డాయి!"

ఇన్‌స్పెక్టరు పిన్ని గుమ్మానికి ఆనుకుని, ఎక్కిన ప్రతి వాననూ చూస్తూ, ఒక్కొక్క తలుపే రాసుకోసాగాడు. వీధిలో గచ్చు పెద్దాయన గొడుగేసుకుని, ఎక్కడికీ ఎక్కలేని తన వాన ముందు నిలబడ్డాడు. పనివాడెవరికో ఫోను చేసి గునపం తెమ్మంటున్నాడు.

మబ్బు బాగా కమ్మి గదిలో చీకటయింది. తమ్ముడు ట్రంకుపెట్టెను పాత చోటికి జరిపాడు. గోడ మీద స్విచ్చి దాకా చేయి పోనిచ్చి, ఆగి, అక్క వైపు తిరిగాడు.

"దీపం వెయ్యమంటావా అక్కా?"

పిన్ని తొట్టిలో వేళ్ళు ముంచి, బల్ల మీది చొక్కాను చదును చేసింది.

"వెయ్యి," అంది.