ఒంటిగంట ముఖం

పెద్దసారు గదిలోకి కొత్త టీవీ వచ్చిన రోజు నుంచే మా స్టూడియోకి శని పట్టింది.

అంతకుముందు అక్కడ ఉన్నది కిటికీ అంత టీవీ. ఇది గోడంత. వార్తల ఛానల్ నడిపే మనిషి తన వార్తల్ని పెద్దగా చూసుకోవాలనుకోవడం తప్పేమీ కాదు. కానీ మొదటిరోజే మధ్యాహ్నం ఒంటిగంట వార్తలు చూసి, విసవిసా బయటికొచ్చి, నలుగురి ముందు నన్ను నిలదీశారు.

"ఏంటమ్మా, మేడం ముఖం మీద ఆ గీతలేంటి? నువ్వు మేకప్ వేస్తున్నావా, మ్యాప్ గీస్తున్నావా?"

నేను ఆ స్టూడియోలో మేకప్ మనిషిని. ఒంటిగంట వార్తలు చదివే ఆవిడ ముఖం పంతొమ్మిదేళ్ళుగా నా చేతుల్లో ఉంది. ఆఫీసులో అందరూ ఆమెను ఒంటిగంట మేడం అంటారు. నేను అక్కా అంటాను. వయసు యాభైనాలుగు. ముడతలున్నాయా అంటే ఉన్నాయి, అబద్ధం ఎందుకు? కుడికంటి పక్కన మూడు, ఎడమకంటి పక్కన నాలుగు, నవ్వితే ఇంకో రెండు. కళ్ళు మూసుకుని చెప్పమన్నా చెబుతాను. అంతేగానీ మ్యాపులూ లేవు, మన్నూ లేదు.

"నువ్వే వచ్చి చూడు" అని సారు తన గదికి తీసుకెళ్ళారు. ఆ టీవీలో ప్రతి ముడతా కత్తితో గీసినట్టు ఉంది. బుగ్గలు చెంపదెబ్బ తిన్నట్టు ఎర్రగా ఉన్నాయి. ఇది నేను అరగంట క్రితం చేత్తో తీర్చిన ముఖమేనా అనిపించింది.

"కంట్రోల్ రూం మానిటర్లలో బాగానే ఉంది సార్" అన్నాడు వెనకే వచ్చిన కెమెరా తమ్ముడు.

"జనం ఇళ్ళల్లో కంట్రోల్ రూంలు ఉంటాయా? ఇలాంటి టీవీలే ఉంటాయి" అన్నారు సారు.

ఆ రోజు నుంచి తప్పు ఒకరి మీద నుంచి ఒకరి మీదికి తిరగడం మొదలుపెట్టింది. ముందు లైట్లు మార్చారు. తర్వాత కెమెరా అద్దం తుడవడం రాదని తమ్ముణ్ణి తిట్టారు. తర్వాత నన్ను. నేను పౌరుషానికి పోయి ఒక పూత ఉన్నచోట రెండు వేశాను, రెండోవారం మూడు వేశాను. ఎంత వేస్తే అంత అధ్వానంగా కనిపించింది. అసలే గీతలు, వాటిలో పౌడరు పగుళ్ళు కూడా చేరాయి. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఇదే.

మూడోవారానికి ఆ తప్పు అందరినీ చుట్టి చివరికి అక్క ముఖం దగ్గర ఆగింది.

"శుక్రవారం పదకొండు గంటలకి టెస్ట్" అని చెప్పారు సారు. "మేడం, కొత్తమ్మాయి ఇద్దరూ ఒకే వార్త చదవండి. ఎవరు బాగా కనిపిస్తే సోమవారం నుంచి ఒంటిగంట వాళ్ళది."

కొత్తమ్మాయికి వార్తలు చదవడం నేర్పింది అక్కే. ఆ పిల్ల నా గదిలో ఉన్న అక్క దగ్గరికొచ్చి, "నాకొద్దు మేడం, నేను టెస్టుకి రాను" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అక్క కసిరింది. "పిచ్చిదానా, వస్తే తీసుకో. నా కోసం వదులుకున్నావంటే ఊరుకోను."

ఆ పిల్ల వెళ్ళాక అక్క కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. నేను చెంపలకి రంగు అద్దుతున్నాను.

"నాకు చదవడం తప్ప ఇంకేం రాదే" అంది నెమ్మదిగా. "రేపటి నుంచి ఇంట్లో కూర్చుంటే, ఒంటిగంటకి నేనేం చెయ్యను?"

నేను దూది మళ్ళీ రంగులో ముంచి, అద్దిన చెంప మీదే ఇంకోసారి అద్దాను.

గురువారం మా ఆయన క్యారేజీ మర్చిపోయి పనికి వెళ్ళాడు. ఆయన టీవీల షోరూంలో సేల్స్‌మన్. తల ఒకటి మెడ మీద అతికించి ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే దాన్నీ ఇంట్లోనే పెట్టి వెళ్ళేవాడు. అక్కకి మేకప్ పూర్తిచేసి, ఆ క్యారేజీ పట్టుకుని, దారి పొడుగునా తిట్టుకుంటూ షోరూంకి వెళ్ళాను. లోపల అడుగు పెట్టేసరికి సరిగ్గా ఒంటిగంట.

గోడ నిండా టీవీలు. నలభై దాకా ఉంటాయి. అన్నిటిలోనూ మా ఛానలే. పెళ్ళాం పనితనం చూసుకోవడానికి ఆయన రోజూ ఆ టైముకి అలా పెడతాడని పక్క సేల్స్‌మన్ చెప్పాడు. ఈ మనిషి ఆ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. సంతోషించే తీరిక అప్పుడు లేదు, ఎందుకంటే నలభై టీవీల్లో నలభై మంది అక్కలున్నారు. ఒకదాంట్లో కామెర్లు వచ్చినట్టుంది. ఒకదాంట్లో ఎండలో తిరిగొచ్చినట్టుంది. ఇంకోదాంట్లో మైనపుబొమ్మ. కింద వరుసలో ఒక పెద్దదాంట్లో అచ్చం సారు గదిలో లాగే కత్తిగాట్లు, కందిన బుగ్గలు. పైన మూలకి ఒక చిన్న టీవీ ఉంది. అంత చిన్నదాంట్లో పూతల మందం తెలియలేదు గానీ, అక్క ముఖం మాత్రం నేను ఇందాక తాకినట్టే ఉంది.

"ఏమండీ, ఇదేంటి?" అని కేకేశాను. కొనడానికొచ్చిన వాళ్ళు ఉలిక్కిపడి చూశారు. "ఒక్క మనిషి ఇన్ని రకాలుగా ఎలా ఉంటుంది?"

"మెల్లగా" అన్నాడు ఆయన. "షాపులో ఇన్ని లైట్లు, పక్కపక్కనే ఇన్ని టీవీలు. మామూలుగా పెడితే ఎవరి కన్నూ పడదు. అందుకే అమ్ముడుపోవాల్సిన వాటికి రంగు, వెలుగు, పదును చివరిదాకా పెంచి ఉంచుతాం. కొత్త పెట్టె విప్పితే ఈ గొడవ ఉండదు. ఇక్కడ గోడకున్న డిస్‌ప్లే పీసు అమ్మితే మాత్రం, పంపేముందు తగ్గించాలి."

"తగ్గిస్తారా?"

"మామూలుగా అయితే తగ్గిస్తాం" అన్నాడు, క్యారేజీ మూత తీస్తూ.

నాకు ఎందుకో అనుమానం వచ్చింది. "నల్లగా రంగేసిన మీసం. మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. బేరం మొదలుపెడితే గుమ్మం దాటడు. అలాంటాయన ఎవరైనా మూడువారాల క్రితం వచ్చాడా?"

ఆయన చేతిలో మూత ఆగిపోయింది. "వచ్చాడు. డిస్‌ప్లే పీసే కావాలి, ధర తగ్గించి ఇవ్వమని రెండు గంటలు ప్రాణం తీశాడు. వదిలించుకుంటే చాలని ఏమీ మార్చకుండా అలాగే బండి ఎక్కించి పంపించేశాను."

"ఆయనే మా పెద్దసారు!"

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మూడువారాలుగా నేను ఇంటికెళ్ళి ‘ఆ దిక్కుమాలిన టీవీ’ అని తిట్టని రోజు లేదు. ఏ టీవీ అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. నా కొంప, అక్క కొంప కలిపి ముంచిన మనిషి రోజూ నా పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు. షోరూం అని కూడా చూడకుండా కడిగిపారేశాను. పాపం, ఒక్కమాట ఎదురు చెప్పలేదు. ఒక చీటీ మీద రిమోట్‌లో ఏది నొక్కాలో, ఏది ఎంతకి తగ్గించాలో వరుసగా రాసిచ్చాడు.

"ముడతలు అసలు కనిపించకుండా పెట్టొచ్చా?" అని అడిగాను గొంతు తగ్గించి.

"పెట్టొచ్చు. మసకగా చేస్తే అన్నీ పోతాయి. కానీ అప్పుడు అదీ అబద్ధమే కదా" అన్నాడు. నోట్లో నాలుక లేని మనిషని ఊరంతా అనుకునే ఆయన, అప్పుడప్పుడు ఇలా ఒక్కటి అంటాడు. నేను చీటీ మడిచి కొంగున ముడేసుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే సారు దగ్గరికి వెళ్ళి, లోపం టీవీలో ఉందని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వ్యవహారం. అంత డబ్బు పోసి కొన్న టీవీది తప్పా? వెళ్ళి పని చూసుకో."

సరే, మాటతో కాకపోతే చేత్తో అనుకున్నాను. కెమెరా తమ్ముడి చెవిలో ఒక మాట వేశాను. టెస్టుకి ముందు వాడు వినయంగా చేతులు కట్టుకుని, "సార్, లైట్లు సరిచూసుకోవాలి, ఒక్క నిమిషం ఆ కుర్చీలో కూర్చుంటారా?" అన్నాడు. ఆయన మీసం దువ్వుకుని కూర్చోవడమే కాదు, అడక్కుండానే నాలుగు వార్తలు కూడా చదివారు. తర్వాత అక్క, కొత్తమ్మాయి చదివారు. అక్కకి ఆ రోజు కూడా మూడు పూతలే వేశాను. ఒకవేళ చీటీ పనిచెయ్యకపోతే అన్న భయం నన్ను వదల్లేదు.

అందరం సారు గదిలో చేరాం. తమ్ముడు ముందుగా సారు బొమ్మే వేశాడు.

గోడంత ముఖం. మీసానికి వేసిన రంగు చర్మానికి ఎంత మేర అంటిందో లెక్కపెట్టొచ్చు. కళ్ళకింద సంచులు, వాటికింద ఇంకో జత సంచులు. బుగ్గలు టొమాటోలు. సారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు, తీసి చూశారు.

"ఈ టీవీ పాడైపోయింది" అన్నారు.

మూడువారాలు మాకెవరికీ నిరూపించడం చేతకాని తప్పు, ఆయనకి మూడు క్షణాల్లో దొరికింది. పెదవి కొరుక్కుని, కొంగుముడి విప్పి చీటీ తమ్ముడికిచ్చాను. వాడు రిమోట్ నొక్కుకుంటూ పోయాడు. కత్తిగాట్లు తగ్గాయి, టొమాటోలు బుగ్గలయ్యాయి. సారు గట్టిగా ఊపిరి వదిలారు.

"దీన్ని ఇలా అంటగట్టిన వాణ్ణి పట్టుకోవాలి."

"మా ఆయనే సార్. సాయంత్రం ఇంట్లో నేనే పట్టుకుంటాను" అన్నాను. అక్క కూడా నవ్వింది.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. కొత్తమ్మాయి బొమ్మ చక్కగా వచ్చింది. తర్వాత అక్క బొమ్మ వేశారు. ఇప్పుడు టీవీ సరైనదే, కానీ దాంట్లో ఉన్నది అక్క కాదు. గోడకి సున్నం కొట్టినట్టు తెల్లగా, కదలిక లేని ముఖం. మాట్లాడుతుంటే పెదవులొక్కటే కదులుతున్నాయి. దీనికి లైట్లనీ, కెమెరానీ, టీవీనీ అనడానికి లేదు. అది నా పని. సిగ్గుతో చచ్చిపోయాను.

"మేడం, ఇది..." అని సారు ఆగిపోయారు.

"తప్పు నాది సార్" అన్నాను. "ఆ టీవీని నమ్మి నా చేతిని నమ్మలేదు. ఈ టెస్టు లెక్కలోకి తీసుకోకండి. ఒంటిగంటకి చూడండి."

ఆయన గడియారం చూశారు. "సరే. ఒంటిగంటకి చూస్తాను. ఆ తర్వాత నేను చెప్పిందే ఆఖరు."

మేకప్ గదిలో తడిదూదితో తుడవడం మొదలుపెట్టాను. పూత కింద చర్మం ఎర్రగా పొక్కి ఉంది. మూడువారాల రాపిడి. అక్క ఒక్కసారి కూడా మంట అనలేదు. నాకు ఏడుపొచ్చింది.

"ఏడవకు, చేతులు వణుకుతాయి" అంది అక్క. చల్లటి నీళ్ళతో కడిగి, పల్చగా ఒక పూత వేద్దామని కళ్ళ పక్కకి చెయ్యి పోనిచ్చాను. చెయ్యి పట్టుకుని ఆపింది.

"అక్కడ వద్దు. వదిలెయ్."

"అక్కా, ఇవాళా? ఇవాళ వద్దు, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఎంతమంది ఇళ్ళల్లో అలా రంగు పెంచిన టీవీలున్నాయో మీకు తెలీదు. మా ఆయన చెప్పాడు, డిస్‌ప్లే పీసులు కొన్నవాళ్ళల్లో సగంమంది వాటిని ముట్టుకోనే ముట్టుకోరట."

"ఎవరింట్లో ఎలా కనిపిస్తానో నా చేతుల్లో లేదు, నీ చేతుల్లో అంతకన్నా లేదు" అంది. "కనీసం ఇక్కడి నుంచి బయల్దేరేదైనా నా ముఖం కానీ. ఈ ముఖంతో చదవొద్దంటే, ఇంటికి కూడా దీంతోనే వెళ్తాను."

మెరవకుండా కాస్త పౌడరు అద్ది, జుట్టు సవరించి, చేతులు దించేశాను.

ఒంటిగంటకి సారు గదిలో, ఆయన వెనక నిలబడ్డాను. తెర మీదికి అక్క వచ్చింది. ఏడు ముడతలూ ఉన్నాయి. మంచినీళ్ళ పైపుల గురించి చదివింది, వంతెన గురించి చదివింది. ఓడిపోయే జట్టు చివరి నిమిషంలో గెలిచిన వార్త దగ్గర నవ్వింది, మిగతా రెండూ వచ్చాయి. ఆ నవ్వు కళ్ళదాకా వెళ్ళడం టీవీలో నేను చూడటం అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ దాన్ని దారిలో ఆపిందెవరో నాకు తెలుసు.

సారు అరగంటా నిలబడే చూశారు. అయ్యాక కళ్ళజోడు తీసి, "సోమవారం మేడమే చదువుతారు" అన్నారు. "ఆ తర్వాత కూడా. కొత్తమ్మాయికి సాయంత్రం ఆరుగంటలవి ఇద్దాం." తలుపుదాకా వెళ్ళిన నన్ను మళ్ళీ పిలిచి, మీసం తడుముకుంటూ, "నాకు ఏమైనా చెప్తావా?" అన్నారు.

"రంగు తగ్గించండి సార్" అన్నాను. టీవీకా మీసానికా అని ఆయన అడగలేదు.

ఆ రోజు తుడవడానికి ఏమీ లేదు కాబట్టి అక్కా నేనూ తొందరగా బయటపడ్డాం. గేటు దగ్గర పళ్ళబండి ఆమె బుట్టకి ఆనించిన ఫోనులో ఇందాకటి ఒంటిగంట వార్తలు మళ్ళీ వేసుకుని చూస్తోంది. అక్క అరటిపళ్ళు అడిగింది. ఆమె పళ్ళు తీస్తూ తలెత్తింది, ఫోను వైపు చూసింది, మళ్ళీ అక్క వైపు చూసింది.

"అయ్యో తల్లీ, ఇది మీరేనా!"

పంతొమ్మిదేళ్ళుగా రోజూ టీవీలో కనిపించే మనిషిని బయట ఎవరూ గుర్తుపట్టిన పాపాన పోలేదు. బస్సులోనూ అంతే, బజారులోనూ అంతే. నేను మేకప్ తీసేస్తే అక్క వేరే మనిషి. అది నా గొప్పతనమనే ఇన్నాళ్ళూ మురిసిపోయాను.

"ఆరేళ్ళుగా నా దగ్గర కొంటున్నారు, ఒక్కరోజైనా చెప్పలేదేం? నేను రోజూ చూస్తాను ఈ వార్తలు" అని పళ్ళబండి ఆమె నిష్ఠూరమాడింది.

అక్క ఎండలో అలాగే నిలబడి నవ్వింది. "టీవీలోకి నేను వచ్చింది ఇవాళే అమ్మా" అంది.

ఆమెకి ఏం అర్థమైందో గానీ, సంచిలో రెండు పళ్ళు ఎక్కువే వేసింది. నేను నడిరోడ్డు మీద, అందరూ చూస్తుండగా, చిన్నపిల్లలా ఏడ్చేశాను.