కక్ష్యలో దూలం

పరుపుల దుకాణం పైన రెండు గదుల్లో బావ కంప్యూటర్ గేములు తయారు చేయిస్తాడు. బడిలో భౌతికశాస్త్రం చెప్పే మరదలు సెలవుల్లో వచ్చి వాటిలో లెక్కలు సరిచూస్తుంది. ఈసారి ఆయుధం టంగ్‌స్టన్‌తో చేసిన, కరెంటు స్తంభమంత దూలం. అంతరిక్ష నౌక దాన్ని వదిలితే చాలట, మందుగుండుతో పనిలేకుండా వేగంతోనే ఊరు మట్టిగొట్టుకుపోతుందట.

ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టుంది వీళ్ల వ్యవహారం అనుకుంది ఆమె. పేలుడు ధూళి ఏ రంగులో లేవాలో గడ్డాలు నిమురుకుంటూ తగవులాడుకున్న బావ దగ్గరి మగాళ్లలో ఒక్కడికీ అసలు దూలం పడుతుందా అన్న అనుమానం రాలేదు.

"వదిలేస్తే పడదు బావా. నౌక పక్కనే తిరుగుతూ ఉంటుంది. రాకెట్‌తో ఎదురు మంట పెట్టి వేగం తగ్గించాలి. అప్పుడైనా దిగడానికి చాలాసేపు పడుతుంది."

"మీట నొక్కి అంతసేపు ఎవడు కూర్చుంటాడు పంతులమ్మా? లేచి టీకి పోతాడు."

"పోనీ. ఊరు కూల్చేవాడికి ఆ మాత్రం తీరిక లేదా?"

మిగతావాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆమె వచ్చిన పని వేరు. ఊరివాళ్లను హెచ్చరించే గొంతును బావ గేములోంచి తీసేశాడు. ఆ గొంతు అక్కది, అంటే అతని భార్యది. జబ్బు ముదరకముందు ఈ గదిలోనే చదివి రికార్డు చేసింది. వానాకాలంలో పోయింది. తీసేయడానికి బావ చెప్పిన కారణం, దూలం శబ్దంకన్నా ముందే వస్తుంది కాబట్టి హెచ్చరికకు తావు లేదని. మరదలి దగ్గర నేర్చుకున్న అరకొర చదువును ఆమెకే అప్పజెప్పాడు.

"అది ముందు వచ్చేది దాని హోరుకన్నా మాత్రమే, వెలుగుకన్నా కాదు. పైన మంట మెరిసిన క్షణమే కిందివాళ్లకు తెలిసిపోతుంది. పిలవడానికి కావలసినంత వ్యవధి ఉంది. లెక్క ప్రకారం అక్క మాట్లాడాలి."

నవ్విన వాళ్లు ఏదో పని చెప్పుకుని బయటికి వెళ్లారు. బావ తెరవైపు తిరిగాడు.

"రోజూ పరీక్షించి చూసుకోవాలి కదా. రోజుకెన్నిసార్లని వినను?"

"ఊళ్లకు ఊళ్లు కూల్చే వీరుడివి. ఒక్క గొంతుకు జడిశావా?"

అతను కుర్చీ వదిలి లేచాడు. ఆమె కూర్చుంది. దూలానికి ఎదురు మంట పెట్టింది, దిగే సమయం పెంచింది, అక్క గొంతును ఉన్నచోట తిరిగి చేర్చి మీట నొక్కింది. తెర మీద ఆకాశంలో చిన్న మంట మెరిసింది.

"నేలమాళిగల్లోకి దిగండి. పిల్లల చెయ్యి వదలకండి."

బావ గోడవైపు తిరిగి నిలబడ్డాడు గానీ గది దాటి పోలేదు. ఆమె శబ్దం తగ్గించలేదు.