ఈత వచ్చు

ఒడ్డు మీద నిలబెట్టి నీళ్ళలోకి దూకమన్నప్పుడు, భిక్షం తనకు ఈత రాదని ఎందుకు చెప్పలేదు? ఆరేళ్ళుగా అచ్యుతరామయ్యను ఈ సందేహం వదలలేదు. పొద్దున్నే దీపం వెలిగించి సహస్రనామం చదువుతుంటే ఏదో ఒక నామం దగ్గర అది వచ్చి అడ్డం కూర్చునేది. చెప్పి ఉంటే బతికేవాడు కదా. చెప్పకపోవడం అతని తప్పయితే, తన తప్పు సగమే. ఆ సగమైనా నిజమో కాదో తేలక, ఆయన మళ్ళీ మొదటి నామం నుంచి అందుకునేవాడు.

అచ్యుతరామయ్య ఫిల్మ్‌నగర్‌లో బసవపున్నయ్య ఆఫీసులో పనిచేస్తాడు. బసవపున్నయ్య సినిమా కంపెనీలకు జూనియర్ ఆర్టిస్టులను కుదిర్చే ఏజెంటు. ఊరంతా కంప్యూటర్ల వెంట పడిన రోజుల్లో, రెండు వేల ఒకటిలో, ఆయనకూ ఒక వెబ్‌సైటు పెట్టాలని బుద్ధి పుట్టింది. ఆల్బములు చంకన పెట్టుకుని జూబ్లీహిల్స్ ఎత్తులన్నీ ఎక్కి దిగే బాధ తప్పుతుందని. అప్పటిదాకా ప్రెస్సులో శుభలేఖలు టైపు చేస్తున్న అచ్యుతరామయ్య, అమీర్‌పేటలో మూడు నెలలు కోర్సు నేర్చుకుని ఆ పనిలో కుదిరాడు.

మనిషికో పేజీ. అన్నీ చేత్తో రాసినవే. మొదట తయారైంది రఘునందన్ పేజీ. ఆరడుగుల ఫైటర్ అతను. ఈత వచ్చు, గుర్రపు స్వారీ వచ్చు. ఆ తరువాత ఎవరు వచ్చినా రఘునందన్ పేజీకి నకలు తీసి, పేరు, ఫొటో, వివరాలు ఒక్కొక్కటీ మార్చి సేవ్ చేయడమే. మార్చడం మరిచిన చోట రఘునందన్ ఉండిపోతాడు. పేజీకి తనంతట తానుగా ఏమీ తెలియదు. మళ్ళీ ఒక చెయ్యి వచ్చి తాకేదాకా రాతి మీద చెక్కినట్టు అలాగే పడి ఉంటుంది.

భిక్షం వచ్చిన రోజు శ్రావణ శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం. అతనికి రాయడం రాదు. అందుకని అచ్యుతరామయ్యే అడుగుతూ ఫారం నింపాడు.

"ఈత వచ్చా భిక్షం?"

"మా దిక్కు తాగనీకే నీళ్ళు లేవు సారూ, ఈదనీకి యాడికెళ్ళి తేవాలె?"

'ఈత: రాదు' అని రాసి, నవ్వు ఆపుకుంటూ, "గుర్రం?" అన్నాడు అచ్యుతరామయ్య.

"గాడిదనెక్కిన. గది నడుస్తదా?"

గుర్రానికీ రాదనే రాశాడు. పోయే ముందు భిక్షం చొక్కా లోపలి నుంచి ఒక ఫొటో తీసి రెండు చేతులతో ఇచ్చాడు. "జర పైలం సారూ. మిగిలినయన్నీ వేషాలల్ల దిగినయే. నా మొఖంతోని దిగింది గిదొక్కటే. కంప్యూటర్ల ఎక్కించుకొని మళ్ళ ఇయ్యాలె."

"రేపే ఇచ్చేస్తాను."

పేరు, ఫొటో, వయసు, ఎత్తు, ఫోను నంబరు మార్చాడు. అంతలో ఇంటి నుంచి భార్య రాజ్యలక్ష్మి ఫోను. పూజవేళ దాటిపోతోందని. పేజీ కింద ఈత, గుర్రం అనే రెండు వరుసలు మిగిలాయి. రేపు చూద్దామనుకుని సేవ్ చేసి లేచాడు. ఆ రేపు మరి రాలేదు. ఆ రోజు కొంచెం ఆలస్యమైతే ఏమయ్యేది, అమ్మవారు చల్లారిన నైవేద్యం తినేది, అంతేగా అని తరువాత ఎన్నిసార్లు అనుకున్నాడో.

ఆ చలికాలంలో ఒక కంపెనీ వాళ్ళకు పడవ మీద నుంచి దూకే పదిమంది కావలసి వచ్చారు. వెబ్‌సైటు చూసి, ఈత వచ్చని ఉన్నవాళ్ళ పేజీలు ప్రింటు తీసుకున్నారు. ఊరి బయట రాళ్ళు కొట్టిన లోతైన గుంట. వాన నీళ్ళు నిండి ఉన్నాయి. పదిమంది దూకారు. తొమ్మిదిమంది తేలారు.

కంపెనీ వాళ్ళు ప్రింటు చూపించారు. వచ్చని రాయించుకుంది అతనే, మాదేం లేదన్నారు. దహనం ఖర్చులు ఇచ్చి చేతులు దులుపుకున్నారు. పనికి ఆశపడి అబద్ధమాడిండని జూనియర్ ఆర్టిస్టులుండే కృష్ణానగర్ సందుల్లో అందరూ అన్నారు. అచ్యుతరామయ్య ఫారాన్నీ పేజీనీ పక్కపక్కన పెట్టి చూశాడు. చూసి, ఫొటోతో సహా ఆ ఫారాన్ని సొరుగులో అడుగున పెట్టాడు. భిక్షం భార్య మల్లమ్మ సినిమా దుస్తులు ఇస్త్రీ చేసి బతుకుతోంది. ఆమె ఎదురొస్తుంటే పక్క సందులోకి తిరగడం ఆయనకు అలవాటైంది.

ఆరేళ్ళకు ఆఫీసులోకి భువన అనే ప్రోగ్రామరు వచ్చింది. పాతికేళ్ళ పిల్ల, చకచకా మాట్లాడుతుంది.

"ఇప్పుడెవరండీ చేత్తో పేజీలు రాసేది! వివరాలన్నీ ఒక పట్టికలో పెడతాం సార్. ఎవరైనా పేరు అడిగితే అప్పటికప్పుడు పేజీ తయారై వస్తుంది. చూసి మూసేస్తే పోతుంది."

"అడగనప్పుడు ఎక్కడుంటుందమ్మా?"

"ఎక్కడా ఉండదు."

అచ్యుతరామయ్యకు పసుపు గణపతి గుర్తొచ్చాడు. తమలపాకు మీద పసుపు ముద్ద పెట్టి పిలిస్తే దేవుడు. పూజయ్యాక ఉద్వాసన చెప్పేస్తే మళ్ళీ పసుపు. ఇదీ అంతే కాబోలు. అయినా ఒకటి అడగకుండా ఉండలేకపోయాడు.

"ఆ పట్టికలోనే తప్పు రాస్తే?"

"అడిగిన ప్రతిసారీ తప్పే వస్తుంది. కాకపోతే తొందరగా వస్తుంది." నవ్వింది భువన.

పాత పేజీలన్నీ పట్టికలోకి ఎక్కిస్తూ మధ్యాహ్నానికి ఆమె ఆగింది. "సార్, ఈ భిక్షం ఎవరు? కింద రెండు వరుసలూ అచ్చం రఘునందన్‌వే. కాపీ చేసి మార్చడం మర్చిపోయినట్టున్నారు. పనిలో ఉన్నారా ఈయన?"

ఆరేళ్ళు ఎవరికీ కనపడనిది ఆ పిల్లకు ఒక్క పూటలో కనపడింది.

"లేడు."

"అయితే తీసేస్తాను."

"ఆగమ్మా! ముందు ఆ రెండు పేజీలూ నాకు ప్రింటు తియ్యి."

ప్రింటర్ చప్పుడుకు బసవపున్నయ్య తన గదిలోంచి వచ్చాడు. కాగితాలు చూసి సంగతి కనిపెట్టి తలుపు దగ్గరగా వేశాడు.

"రామయ్యగారూ, ఆరేళ్ళ నాటి శవాన్ని ఇప్పుడు లేపడం ఎందుకండీ? కొత్త సైటు వస్తోంది, పాతవన్నీ పోతాయి. దేవుడే తుడిచేస్తున్నాడనుకోండి."

"దేవుడు తుడిచేదైతే, నా చేత్తో ఎందుకు తుడిపిస్తాడండీ?"

"వేదాంతం ఇంటి దగ్గర చెప్పుకోండి. ఆ కాగితాలతో గుమ్మం దాటితే రేపు ఈ కుర్చీ ఉండదు."

అచ్యుతరామయ్య కుర్చీని ఒకసారి చూసుకున్నాడు. సొరుగు లాగి అడుగున ఉన్న ఫారం తీశాడు. దానికి గుచ్చిన గుండుసూది తుప్పు పట్టింది. కాగితాలన్నీ చేతిసంచిలో పెట్టుకుని కృష్ణానగర్ వైపు నడిచాడు.

మల్లమ్మది ఒంటి గది. బల్ల మీద సిపాయి కోట్లు గుట్టగా ఉన్నాయి. గోడ మీద భిక్షం పటం, ప్లాస్టిక్ పూల దండ. పటంలో అతను పోలీసు కానిస్టేబుల్ వేషంలో ఉన్నాడు. టోపీ నీడలో కళ్ళు కనపడటం లేదు.

"అయ్యో, సారు! ఏంది గిట్లొచ్చినవ్? ఇస్త్రీకి డ్రెస్సులు గిట్ల ఉన్నయా?"

"లేదమ్మా. ఒక మాట చెప్పాలి."

నిలబడే చెప్పాడు. ఫారం చూపించాడు, రెండు పేజీలూ చూపించాడు. ఆమెకు చదువు రాదు. అందుకని ఏ వరుస ఎక్కడుందో వేలు పెట్టి చూపించాడు. మల్లమ్మ ఇస్త్రీ పెట్టెను నిలువుగా పెట్టింది.

"అంటే, ఆయన రాయించలేదా?"

"లేదు. రాదనే చెప్పాడు. మార్చకుండా వదిలేసింది నేను." ఆరేళ్ళుగా నోట్లో ఉన్నది అడిగేశాడు. "ఒడ్డు మీదైనా రాదని చెప్పొచ్చు కదమ్మా. ఎందుకు చెప్పలేదో?"

"చెప్పిండు."

అచ్యుతరామయ్య బల్ల అంచు పట్టుకున్నాడు.

"పక్కపొంటి ఉన్నోళ్ళు చెప్పిన్రు నాకు. ఈత రాదు సారూ అన్నడంట. 'రాయించినప్పుడు వచ్చింది, ఇప్పుడు నకరాలా? దూకకుంటే పో, రేపటి సంది రాకు' అని కాయితం ముఖం మీద పెట్టిన్రంట. దూకిండు." ఆమె పటం వైపు చూసింది. "ఏడాదికోపారి గా దండ మార్చేటప్పుడు తిట్టిన సారూ. ఎందుకు రాయిస్తివయ్యా, మమ్ముల ఎవరికి అప్పజెప్పి పోతివి అని. ఆరుపార్లు తిట్టిన. ఒక్కపారన్న నువ్వొచ్చి చెప్తే కాకపోవునా?"

భిక్షం తప్పనుకున్న సగం కూడా తనదేనని ఆయనకు తెలిసింది.

"కాగితాలు నీ దగ్గరుంచమ్మా. యూనియన్‌కైనా కోర్టుకైనా వస్తాను. రాత నాదేనని చెప్తాను."

"నీ నౌకరి?"

"పోయింది."

"పోనీ," అంది మల్లమ్మ. ఆ మాటలో జాలి లేదు, కోపమూ లేదు.

అచ్యుతరామయ్య తుప్పు పట్టిన సూదిని మెల్లగా లాగి, ఫారం నుంచి ఫొటో విడదీసి, రెండు చేతులతో ఇచ్చాడు. పైన మూలకు చిన్న ఎర్రటి తుప్పు మరక అయింది.

"రేపే ఇస్తానన్నాను."

ఆమె ఫొటోను కొంగుతో తుడిచింది. చాలాసేపు చూసింది.

"నవ్వుతుండు," అంది. తరువాత ఆయన వైపు తిరగకుండానే, "ఇగ పో సారూ. పెట్టె చల్లారుతున్నది," అంది.

గడప దిగి వెనక్కి చూశాడు. మల్లమ్మ స్టూలు ఎక్కి, పటం అద్దం అంచులో, కానిస్టేబుల్ టోపీకి అడ్డంగా, ఆ ఫొటోను దోపుతోంది.